రోజూ నడుస్తున్నా బరువెందుకు తగ్గదు? కంచానికీ కసరత్తుకీ మధ్య పని పంపకం

పొద్దున ఆరింటికి భద్రకాళి చెరువు కట్ట మీద నిలబడితే వరంగల్, హనుమకొండ రెండూ కలిసి నడుస్తున్నట్టే ఉంటుంది. రిటైరైన సార్లు, చీర మీదే బూట్లు తొడుక్కున్న అమ్మలు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న పిల్లలు. నడక అయ్యాక చాయ్ దగ్గర వినబడే మాట మాత్రం ఎప్పుడూ ఒకటే: "మూడు నెల్లాయె, ఒక్క రోజు నాగా పెట్టలే. కిలో కూడా తగ్గలే." పక్కనున్నాయన వెంటనే అందుకుంటాడు: "అన్నం బంద్ పెట్టు, జొన్న రొట్టె తిను." ఇంకొకాయన, "అవన్నెందుకు, సూది వచ్చిందట గదా!"

ఒక్క చాయ్ చల్లారేలోపు మూడు సిద్ధాంతాలు. తప్పు వాళ్లది కాదు. రెండేళ్లుగా ఈ విషయం ఏదో ఒక రూపంలో వార్తల్లోనే ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో కొత్త ఆహార సూచనలు ఇచ్చింది. 2025 మొదట్లో ప్రధాని వంటనూనె పది శాతం తగ్గించమన్నారు. అదే ఏడాది ఉగాదికి మన రేషన్‌లో సన్నబియ్యం మొదలైంది. బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా అదే ఏడాది మందుల షాపులకు వచ్చాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆడవాళ్లలోనూ మగవాళ్లలోనూ పదిమందిలో సుమారు ముగ్గురు అధిక బరువుతో ఉన్నారు. అంటే కట్ట మీది ఆ చర్చ చాలా ఇళ్లలో జరుగుతున్నదే.

"తిండి, కసరత్తు రెండూ బ్యాలెన్స్ చేయాలి" అని అందరూ చెప్తారు. వినగానే త్రాసులో చెరో వైపు సగం సగం అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఈ రెండూ చేసే పనులు వేరు. బరువు దించే పనిలో పెద్ద వాటా కంచానిది. దిగేది కొవ్వా కండా, దిగినది మళ్లీ ఎక్కుతుందా లేదా అన్నది చాలావరకు కసరత్తు చేతిలో ఉంటుంది. ఈ పంపకం ఎలా వచ్చిందో లెక్కలు వేసి చూద్దాం.

కాటా చూపించేది కొవ్వును ఒక్కదాన్నే కాదు

కాటా మీద నిలబడితే కనిపించే అంకెలో ఎముక, కండ, కొవ్వు, నీళ్లు, పొద్దున తిన్న ఉప్మా అన్నీ ఉంటాయి. అన్నం ఒక్కసారిగా తగ్గించినవాళ్లు మొదటి వారంలోనే కిలో, రెండు కిలోలు తగ్గామని సంబరపడతారు. అందులో ఎక్కువ నీళ్లే. పిండిపదార్థాన్ని శరీరం కాలేయంలో, కండల్లో గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీళ్లను పట్టి ఉంచుతుంది. నిల్వ ఖర్చయితే నీళ్లూ పోతాయి, ఒక దావత్‌లో రెండు ప్లేట్ల బగారన్నం తినగానే తిరిగొస్తాయి. మే నెల ఎండలో చెమట కారితే తగ్గే బరువూ ఇలాంటిదే, రెండు చెంబుల నీళ్లు తాగితే లెక్క సరి.

ఎత్తుకు తగ్గ బరువు చూడటానికి వాడే కొలత బీఎంఐ. బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఎత్తును రెండుసార్లు పెట్టి భాగిస్తే వస్తుంది. మన దేశంలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. పాశ్చాత్యులకు ఈ హద్దులు 25, 30. మనకెందుకు తక్కువ? పుణే డాక్టర్ చిత్తరంజన్ యాజ్నిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ కలిసి 2004లో ఒక వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫొటో వేసి మరీ చూపించారు. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్నిక్ ఒంట్లో 21.2 శాతం. చూపుకు సన్నగానే ఉన్నా మన ఒంట్లో కొవ్వు ఎక్కువ, కండ తక్కువ ఉండే అవకాశం ఉంది. అందుకే డాక్టర్లు టేపుతో నడుము కూడా కొలుస్తారు. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే పొట్ట కొవ్వు గురించి ఆలోచించాల్సిందే.

నడక ఖర్చు ఎంత, సర్వపిండి జమ ఎంత

సుబేదారిలో ఉండే ఒకాయన్ని ఊహించుకుందాం. వయసు 42, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. బీఎంఐ 27.6. పొద్దంతా షాపు కౌంటర్ వెనక కూర్చునే పని. ఊపిరి, గుండె, జీర్ణం, అటూ ఇటూ తిరగడం అన్నీ కలిపి ఆయన శరీరానికి రోజుకు సుమారు 2,275 క్యాలరీలు కావాలి. అంత తింటే బరువు ఉన్నచోటే ఉంటుంది.

ఆయన రోజూ 45 నిమిషాలు గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో నడుస్తాడనుకుందాం. ఇంట్లో కూర్చున్నా ఎలాగూ ఖర్చయ్యేది తీసేస్తే నడక వల్ల అదనంగా ఖర్చయ్యేది 146 క్యాలరీల దగ్గర తేలుతుంది.

ఇక జమ వైపు. ఒక ఆదివారం మా ఇంట్లో సర్వపిండి చేస్తుంటే ఒక గిన్నెకు పట్టినవన్నీ కిచెన్ కాటా మీద పెట్టి చూశాను. వరిపిండి 60 గ్రాములు, పల్లీలు 15, నానబెట్టిన శనగపప్పు ఎండుగా ఉన్నప్పుడు 10, నువ్వులు 5. గిన్నెకు పూసింది, పిండిలో వేళ్లతో పెట్టిన బొక్కల్లో పోసింది కలిపి నూనె 15 గ్రాములు. పిండికి 213, పల్లీలకు 85, పప్పుకు 35, నువ్వులకు 28, నూనెకు 135. కూడితే 496 క్యాలరీలు. కరకరలాడే ఆ ఒక్క సర్వపిండి కరగాలంటే మన సుబేదారి ఆయన రెండున్నర గంటలకు పైగా నడవాలి. తినడానికి పట్టింది పది నిమిషాలు, అదీ రెండోది అడుగుతూ.

పండగ వంటను పక్కన పెట్టినా లెక్క మారదు. రోజుకు నాలుగు చాయ్‌లు, ఒక్కోదానిలో రెండు చెంచాల చక్కెర, అంటే పది గ్రాములు అనుకుంటే చక్కెర క్యాలరీలే 160. పొద్దుటి నడక చాయ్ కప్పులోనే మునిగిపోయింది. నాగా లేకుండా నడిచినా కిలో తగ్గని ఆయన కథ చాలావరకు ఇదే.

శరీరం తిరగరాసే లెక్క

పైది ఇంకా సులువైన లెక్కే. నడిచిన రోజు ఆకలి కొంచెం ఎక్కువ కావొచ్చు. "ఇయ్యాల నడిచిన గదా" అని చెయ్యి ఇంకో బజ్జీ మీదికి పోతుంది. మధ్యాహ్నం తెలియకుండానే ఎక్కువసేపు కూర్చుంటాం. ఇవి కాక, శరీరం లోపల కూడా సర్దుబాటు చేసుకుంటుందని కొందరు శాస్త్రవేత్తలు అంటున్నారు. 2012లో హెర్మన్ పాంట్జర్ బృందం టాంజానియాలో వేట మీద, దుంపల మీద బతికే హాడ్జా జనం రోజువారీ శక్తి ఖర్చు కొలిచింది. వాళ్లు మనకంటే ఎన్నో రెట్లు తిరుగుతారు. శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే మాత్రం వాళ్ల మొత్తం ఖర్చు పాశ్చాత్య పట్టణవాసుల ఖర్చుకు దగ్గరగానే వచ్చింది. కసరత్తుకు పెట్టిన శక్తిని శరీరం ఇంకో చోట కోత కోసి సర్దుకుంటుందని ఆయన వాదన.

దీన్ని అందరూ పూర్తిగా ఒప్పుకోరు. 2021లో 1,754 మంది వివరాలతో వచ్చిన అధ్యయనంలో ఈ సర్దుబాటు సగటున 28 శాతం దగ్గర తేలింది. అంటే నడకలో 100 ఖర్చు పెడితే చేతికొచ్చేది 72. కసరత్తు దండగ అనేవాళ్లూ, ఎంత కసరత్తు చేస్తే అంతా తగ్గుతామనేవాళ్లూ ఇద్దరూ ఈ అంకె ముందు కొంచెం తగ్గాల్సిందే. నాకైతే ఆ 72ను తక్కువగా చూడాలనిపించదు. కానీ బరువు దించే బాధ్యతంతా దాని నెత్తిన పెట్టడం అన్యాయం.

బియ్యం బస్తా, నూనె ప్యాకెట్టు చెప్పే సంగతి

ఫోన్ యాప్‌లో ప్రతి బుక్కకూ క్యాలరీ రాసుకోవడం మన ఇళ్లలో నాలుగు రోజులు కూడా సాగదు. పచ్చిపులుసు ఎన్ని గరిటెలు పోసుకున్నామని రాస్తాం? అంతకన్నా సులువైన లెక్క నెల సరుకుల చీటీలో ఉంది.

మన సుబేదారి ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్లు. రేషన్‌లో మనిషికి ఆరు కిలోల చొప్పున 18 కిలోల సన్నబియ్యం వస్తుంది. అవి సరిపోక ఇంకో 12 కిలోలు కొంటారు. నెలకు 30 కిలోలు. ముగ్గురికి, ముప్పై రోజులకు పంచితే మనిషికి రోజుకు 333 గ్రాములు. వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 క్యాలరీలు, కాబట్టి ఒక్క అన్నం నుంచే 1,165. నూనె నెలకు నాలుగు లీటర్లు. లీటరు 910 గ్రాములు తూగుతుంది, కాబట్టి మనిషికి రోజుకు 40 గ్రాములు, అంటే 360 క్యాలరీలు. ఆయనకు కావాల్సిన 2,275లో మూడింట రెండు వంతులు ఈ రెండు డబ్బాల నుంచే వస్తున్నాయి. పప్పు, కూర, పాలు, చాయ్, అన్నీ మిగతా మూడో వంతులో సర్దుకోవాలి.

పోషకాహార సంస్థ రోజుకు 2,000 క్యాలరీల కంచానికి ఇచ్చిన కొలతలతో పోల్చండి. ధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, నూనె, కొవ్వులు 27 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85, గింజలు 35, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. బియ్యం 333 నుంచి 233కు తగ్గిస్తే 350 క్యాలరీలు, నూనె 40 నుంచి 27కు తగ్గిస్తే 117. కలిపి 467. ఒంట్లో కిలో కొవ్వుకు సుమారు 7,700 క్యాలరీలు లెక్కేస్తారు కాబట్టి వారానికి 420 గ్రాముల తగ్గుదల. కాగితం మీద నడక ఒక్కటే ఇచ్చేదానికి ఇది మూడింతలు.

ప్రధాని చెప్పిన పది శాతం నూనె కోతను ఈ ఇంటికి వర్తింపజేస్తే రోజుకు నాలుగు గ్రాములు, 36 క్యాలరీలు. చిన్నదే. ఏడాది పొడవునా నిలిస్తే కాగితం మీద కిలోన్నరకు పైనే.

ఈ కంచం ఇంత పెద్దదెందుకైందో మరిచిపోకూడదు. నాట్లు వేసి, కోతలు కోసి, మోటబావి తోలిన ఒంటికి కొలిచిన కంచం ఇది. పని ట్రాక్టరుకూ హార్వెస్టరుకూ పోయింది, మనిషి హనుమకొండకొచ్చి కౌంటర్ వెనక కూర్చున్నాడు, కంచం మాత్రం ఊళ్లో ఉన్నంతే ఉంది. ఇప్పటికీ పొద్దంతా పొలంలో వంగి పని చేసే మనిషికి పై కోతలు వర్తించవు.

జొన్న రొట్టె, కొర్రలు, కొవ్వు డైట్: ఎవరి వాదన ఎంతవరకు

తెలుగునాట మూడు దారులు బాగా నడిచాయి. ఉప్పు, నూనె లేని వంట అని మంతెన సత్యనారాయణరాజు, అన్నం రొట్టె మానేసి కొవ్వు మీద బతకమని వీరమాచనేని రామకృష్ణ, కొర్రలు అండుకొర్రల వంటి సిరిధాన్యాలు తినమని ఖాదర్ వలీ. మూడింటినీ పాటించి తగ్గామనేవాళ్లు మన వీధిలోనే దొరుకుతారు. ఒకదానికొకటి పొసగని మూడు దారుల్లోనూ జనం ఎలా తగ్గుతున్నారు?

ఒక జవాబు అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2018లో ప్రచురించిన ప్రయోగంలో ఉంది. 609 మందిని రెండు గుంపులు చేసి ఒకరికి కొవ్వు తక్కువ, ఇంకొకరికి పిండిపదార్థం తక్కువ ఉండే తిండి ఏడాదిపాటు తినమన్నారు. మొదటి గుంపు సగటున 5.3 కిలోలు, రెండోది 6 కిలోలు తగ్గింది. చెప్పుకోదగ్గ తేడా కాదు. ఒకే గుంపులో మనిషికీ మనిషికీ ఉన్న తేడా మాత్రం చాలా పెద్దది. ఏ దారి పట్టినా మొత్తం మీద తినేది తగ్గితేనే బరువు తగ్గుతుంది, ఏ దారిలో ఎక్కువ రోజులు నిలబడగలమన్నది మనిషిని బట్టి మారుతుంది.

జొన్నల సంగతి కొంచెం విడిగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర దాని మీద నమ్మకం ఎక్కువ. వంద గ్రాముల జొన్నపిండిలో కూడా బియ్యంలో ఉన్నన్ని క్యాలరీలే, సుమారు 340 దాకా ఉంటాయి. తేడా పీచులో, కొంత ప్రోటీన్‌లో ఉంది. రొట్టె నమలాలి, రెండింటికి కడుపు నిండుతుంది. మెత్తటి సన్నబియ్యం అన్నం తొక్కు పచ్చడితో ఎంత లోపలికి పోయిందో తెలియదు. రొట్టె పని చేసేది తక్కువ తినేలా చేసి. రెండు రొట్టెలు తిన్నాక "పెరుగన్నం లేకపోతే తిన్నట్టుండదు" అని మళ్లీ కంచం నింపుకుంటే ఆ మేలు అక్కడికక్కడే పోయింది. నేను చూసిన ఇళ్లలో జరిగేది ఎక్కువగా ఇదే.

పొద్దున్నే తేనె నిమ్మరసం గురించి ఒక్క వాక్యం: తేనె ఒక పెద్ద చెంచాకు 60 క్యాలరీలు, అది కొవ్వును కరిగించదు.

షుగర్ మందులు, ముఖ్యంగా ఇన్సులిన్ వాడేవాళ్లు ఏ దారిలోనైనా అన్నం ఒక్కసారి తగ్గిస్తే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. వాళ్ల లెక్క డాక్టర్‌తో కలిసి వేసుకోవాల్సింది.

మరి కసరత్తు పని ఏమిటి

తిండి తగ్గించినప్పుడు శరీరం కొవ్వునే కరిగించుకోదు, కొంత కండనూ తినేస్తుంది. కసరత్తు లేకుండా తగ్గిన బరువులో దాదాపు నాలుగో వంతు కొవ్వు కానిదే అని చాలాకాలంగా చెప్తున్న లెక్క. అసలే కండ తక్కువున్న యాజ్నిక్ తరహా ఒళ్లు మనవి. ఎనిమిది కిలోలు తగ్గితే అందులో రెండు కిలోల దాకా కండ పోవడం మనకు ఎక్కువ నష్టం. మెట్లెక్కడానికి, మెతుకులోని చక్కెరను రక్తం నుంచి లాక్కోవడానికి పనికొచ్చేది ఆ కండే.

దాన్ని కాపాడేది నడక ఒక్కటే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ కసరత్తుతోపాటు, కనీసం రెండు రోజులు కండలకు బలమిచ్చే పని చేయమంటుంది. మొదటి సగం మన కట్ట మీద బాగానే నడుస్తోంది. రెండో సగం చాలామందికి అసలు తెలియదు, తెలిసినా జిమ్ అంటే కుర్రాళ్ల వ్యవహారం అనుకుంటారు. తాలీంఖానాల్లో పహిల్వాన్లు తీసిన దండాలు, బస్కీలు ఈ లెక్కలోకే వస్తాయి. మోకాళ్లు సహకరించని అమ్మమ్మ కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం కూడా బలం కసరత్తే.

కండ నిలవాలంటే ప్రోటీన్ కావాలి. పోషకాహార సంస్థ లెక్కన కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు, అంటే మన ఉదాహరణ మనిషికి 65. తగ్గించాక మిగిలిన 233 గ్రాముల బియ్యం ఇచ్చేది 17 దాకా. 85 గ్రాముల పప్పులు 20, పాలు పెరుగు 10, పల్లీలు 9. ఇంకా తక్కువే పడుతుంది. రెండు గుడ్లు 12 తెస్తాయి. గుడ్డు ముట్టనివాళ్లకు మన దగ్గర గుడాలున్నాయి: 50 గ్రాముల బబ్బెర్లు ఉడకబెట్టి ఉల్లిగడ్డ, మిరపకాయ వేస్తే ప్రోటీన్ 11, 12 గ్రాములు, క్యాలరీలు 170 లోపే. సాయంత్రం పూట మిక్చర్ పొట్లం ఉండే చోట ఒకప్పుడు ఇవే ఉండేవి. తిన్నాక పది, పదిహేను నిమిషాలు నడిస్తే రక్తంలో చక్కెర అంత ఎత్తుకు లేవదు, బరువు కాటా ఇది చూపించదు. మోకాలి మీద లెక్క కూడా అంతే: ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

బతుకమ్మ తొమ్మిది రోజులూ చప్పట్లు కొడుతూ, వంగి లేస్తూ గంటల తరబడి ఆడే ఆట మంచి కసరత్తే. ఆట అయ్యాక పంచుకునే సత్తుపిండి, మలీద కూడా అంతే మంచి తిండి. అక్కడ ఎవరూ లెక్కలు వేయకపోవడమే బాగుంటుంది.

సూది వచ్చాక లెక్క మారిందా

ఇంజెక్షన్లు చేసే ప్రధానమైన పని ఆకలిని తగ్గించడం. పెద్ద ప్రయోగంలో వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్ 68 వారాలు వాడినవాళ్లు సగటున దాదాపు 15 శాతం బరువు తగ్గారు. ఆపేసిన ఏడాదికి తగ్గినదాంట్లో సుమారు మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. ఊబకాయంతో షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఇది చిన్న సాయం కాదు, దీన్ని సోమరితనం అని తిట్టడం తప్పు. కానీ ఆకలి చచ్చినప్పుడు గుడ్డు, పప్పు కూడా తినబుద్ధి కాదు కాబట్టి కండ పోయే భయం ఇక్కడా ఉంటుంది. పంపకం మారలేదు. కంచం తగ్గించే పని సూది తీసుకుంది, కసరత్తు పని ఎప్పటిలాగే మిగిలింది.

ఆరు నెలల తర్వాత ఆ 146

మన సుబేదారి ఆయన ఆరు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గి 70కి వచ్చాడనుకుందాం. కాగితం లెక్క ప్రకారం పదకొండు తగ్గాలి. ఒళ్లు తగ్గేకొద్దీ ఖర్చూ తగ్గుతుంది, మధ్యలో రెండు పెళ్లిళ్లు, ఒక పండగ వచ్చాయి. ఇప్పుడు ఆయన శరీరానికి రోజుకు కావాల్సింది 2,163. మొదట్లో కంటే 112 తక్కువ, పైగా తగ్గిన ఒళ్లు ఇంకొంచెం పొదుపుగా కూడా ఖర్చు పెట్టొచ్చు. అంటే "తగ్గినం గదా" అని పాత కంచానికి వెనక్కి వెళ్తే రోజుకు కనీసం 112 మిగులు, మెల్లగా కిలోలు వెనక్కి. చాలామందికి బరువు తిరిగొచ్చే దారి ఇదే. ముప్పై పౌండ్లు, అంటే 13 కిలోలకు పైగా తగ్గి ఏడాదికి మించి నిలబెట్టుకున్నవాళ్ల వివరాలు అమెరికాలో 1994 నుంచి నమోదు చేస్తున్నారు. వాళ్లలో అత్యధికులు తిండి జాగ్రత్తతోపాటు రోజుకు సుమారు గంట కసరత్తు చేస్తున్నవాళ్లే.

70 కిలోల ఒంటితో అదే కట్ట మీద, అదే వేగంతో, అదే 45 నిమిషాల నడకకు ఇప్పుడు ఖర్చు 131. శరీరం సర్దుబాటు చేసుకుని అందులో కొంత కోసేసినా, 112లో చాలా భాగాన్ని ఆ నడకే పూడుస్తుంది. మూడు నెలలు నడిచి కిలో కూడా దించలేకపోయిన నడకే ఇది.